అది ఎన్నో నిమిషంలో ఉంది?

29 ఆగస్టు 2024, కాశీబుగ్గ

తెలుగు భాషా దినోత్సవం. బడికి వెళ్లే దారిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మా జిరాక్స్ షాపు బల్ల మీద కూచుని ఫోనులో వీడియో చూస్తూ నోట్సు రాసుకుంటోంది. గిడుగు రామమూర్తి గారి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట. ఒక వాక్యం వింటుంది, ఆపుతుంది, రాస్తుంది. రాసేలోపు సగం మాట మరిచిపోయి వెనక్కి జరుపుతుంది. వేలు కాస్త ఎక్కువ జరిగితే మళ్లీ మొదటికి పోతుంది, ఈలోపు ప్రకటన. పుట్టిన సంవత్సరం దగ్గర వెనకాల వీణ మోత ఎక్కువైంది. "అక్కా, అరవై మూడన్నాడా, అరవై ఆరన్నాడా?" అని నన్నడిగింది.

1863. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని పోట్లాడారు. పండితుడు పక్కన లేకుండా మామూలు మనిషి తనంతట తాను చదువుకోవాలన్నది ఆయన పట్టుదల.

ఆయన గురించి ఒక పేజీ వెతికి ప్రింటు తీసి ఇచ్చాను. వెతకడానికి నాకే కాస్త సమయం పట్టింది, పైనంతా వీడియోలే. పిల్ల నిలబడి చదివేసి, "సవరలకి సొంత లిపి లేదా అక్కా?" అంది. ఉంది. 1936లో మంగై గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్. అంతసేపు వీడియో విన్నప్పుడు రాని ప్రశ్న పేజీ చదవగానే వచ్చింది. విన్నంతసేపూ పాపం ఆ పిల్ల పరుగెత్తే మాటను అందుకునే పనిలోనే ఉంది, ఆగి ఆలోచించే వ్యవధి ఎక్కడిది?

2 సెప్టెంబర్

వీడియోలు ఎందుకింత సాగుతాయని కంప్యూటరు నేర్చుకుంటున్న కుర్రాడు అడిగాడు. దానికి లెక్కుంది. 2012లో యూట్యూబ్ తన పద్ధతి మార్చింది. ఎంతమంది నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదాన్ని బట్టి వీడియోను పైకి తేవడం మొదలుపెట్టింది. మధ్యలో ప్రకటనలు పెట్టుకోవాలంటే వీడియో పది నిమిషాలు దాటాలని మొదట ఉండేది. 2020 జూలై నుంచి ఎనిమిది నిమిషాలు చాలన్నారు. అందుకే అర నిమిషం సంగతి ఎనిమిది నిమిషాల పైచిలుకు అవుతోంది. "అసలు విషయంలోకి వెళ్లే ముందు" అని మొదలుపెట్టి, మన ఛానల్, గంట గుర్తు, పోయిన వీడియోలో ఏం చెప్పారో, వచ్చే వీడియోలో ఏం చెప్పబోతున్నారో అన్నీ అయ్యాక విషయం వస్తుంది.

చేసేవాళ్లను తిట్టడానికి నాకు మనసొప్పదు. మా వీధిలోనే ఇద్దరు కుర్రాళ్లు అదే చేసి బతుకుతున్నారు. రెండు ముక్కల్లో అయ్యేదాన్ని రెండు ముక్కల్లో చెప్పేవాడికి అక్కడ కూలి గిట్టదు. తప్పు కూలి కట్టే పద్ధతిది.

14 సెప్టెంబర్, మా ఊరు, వజ్రపుకొత్తూరు మండలం

చిన్నాన్న కొబ్బరితోటలో తెల్లదోమ. ఆకు కింద తెల్లగా, చుట్టలు చుట్టలుగా, పిండి జల్లినట్టు గుడ్లు. దాని జిగురు కింది ఆకుల మీద పడి మసి పట్టింది. కొబ్బరి కింద వేసిన అరటికీ, పనసకీ కూడా ఆ నలుపు అంటింది. వేలితో గీస్తే పొరలా ఊడి వస్తోంది. ఇది మన పురుగు కాదు, 2016లో తమిళనాడు, కేరళ తోటల్లో మొదట కనిపించి ఇంత దూరం వచ్చింది.

తిత్లీ తుపానులో పోగా మిగిలిన చెట్లు ఇవి. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆయన ఆదుర్దా నాకు తెలుసు.

ఫోనులో ఒక వీడియో దాచుకున్నాడు. రాత్రి అంతా చూశాడట. ముందు డ్రోనుతో ఎవరిదో తోట, దాని మీద సంగీతం. తర్వాత ఒక రైతు గారి పరిచయం, ఆయన ఎన్నెకరాలు వేశారు, పిల్లలేం చదువుతున్నారు. పురుగు మాట ఆరో నిమిషంలో వచ్చింది. మందు మాట పదకొండో నిమిషంలో. అక్కడ గాలి హోరు.

"ఐదు అన్నాడు గానీ, ఐదు ఏటి?" అన్నాడు చిన్నాన్న. "లీటరుకి ఐదా? ట్యాంకుకి ఐదా? మిల్లీలా, మూతలా? నాలుగుపాల్లు ఇన్నాను, తేలనేదు."

ఇంకోపాలి పెట్టాం. తేలలేదు. కింద వివరాల చోట మందు మోతాదు ఉంటుందేమోనని తెరిచి చూశాను. ఆయన వేరే వీడియోల పేర్లున్నాయి, ఫోను నంబరు ఉంది, మోతాదు లేదు.

కాసర్‌గోడ్‌లో ఉన్న కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ చెప్పేది చాలా చిన్న మాట. వేపనూనె 0.5 శాతం, అంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, నీళ్లలో కలవడానికి కాస్త సబ్బు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. రసాయన మందుల జోలికి పోవద్దు. ఎందుకంటే ఎన్కార్సియా అనే చీమ తలకాయంత కూడా లేని కందిరీగ జాతి పురుగొకటి తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. మనం విషం కొడితే ముందు చచ్చేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఐసేరియా అనే మేలుచేసే బూజును తయారుచేసి కోనసీమ రైతులకు ఇచ్చింది, చల్లపూట కొడితే తెల్లదోమకు ఆ బూజు పట్టి పోతుంది. ఇదంతా అరపేజీ.

రసాయన మందు వద్దన్న మాట చిన్నాన్న చూసిన వీడియోలో లేదు. చివర్లో ఒక మందు డబ్బా మాత్రం చూపించారు.

ట్యాంకు పదహారు లీటర్లది. పదహారు ఐదులు ఎనభై. సిగరెట్ అట్ట వెనక "80 మి.లీ. ట్యాంకుకి" అని రాసి ఇచ్చాను. దాన్ని పంపు పెట్టె మూతకి లోపలవైపు అంటించాడు.

21 సెప్టెంబర్

ఒక పాత జీడిపిక్కల ధర వీడియో పట్టుకుని ఇద్దరు వాదులాడుకున్నారు షాపులో. ఎనభై కిలోల బస్తా ఇంత పలుకుతోందని ఒకరు, ఆ ధర పోయి రెండేళ్లయిందని ఒకరు. మా దగ్గర పిక్కల బేరం ఎప్పుడూ ఎనభై కిలోల బస్తా మీదే. వీడియోలో ఆ వ్యాపారి "ఈ రోజు మార్కెట్" అంటున్నాడు. ఏ రోజు? వాట్సాప్‌లో ముక్క కోసి పంపినదానికి తేదీ ఉండదు. పేపరు చింపి పొట్లం కట్టినా ఏ మూలో తేదీ మిగులుతుంది.

22 సెప్టెంబర్

న్యాయం కోసం ఇది కూడా రాసుకోవాలి. జీడిమామిడికి అంటు కట్టడం పుస్తకం చదివి నేను ఎన్నడూ అర్థం చేసుకోలేకపోయాను. లేత మొక్క తల కోసి, నిలువునా చీల్చి, రెండువైపులా చెక్కిన పుల్లను అందులో దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టే ఆ చెయ్యి కదలికను మూడు నిమిషాల వీడియోలో చూడగానే తెలిసింది. దాన్ని తీసినాయన అసలు మాట్లాడలేదు, చేతులే చూపించాడు. నువ్వలరేవులో వల బాగుచేసే కుర్రాళ్లు కొత్తరకం ముడి వేయడం ఫోను చూసే నేర్చుకున్నామన్నారు. చేతితో చేసే పనిని కళ్లతోనే చూడాలి.

మోతాదు, తేదీ, ధర, పేరు, నిబంధన, వీటి కోసం మాత్రం ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

11 అక్టోబర్

తిత్లీకి ఆరేళ్లు. 2018లో ఇదే రోజు తెల్లవారుజామున మా పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. పొద్దున లేచి చూస్తే కొబ్బరి, జీడి, పనస, తరతరాల తోటలు నేల మీద పడుకుని ఉన్నాయి.

ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, టవర్లు లేవు. అప్పుడు ఊరికి సమాచారం వచ్చింది కాగితాల మీద. ట్యాంకరు ఎప్పుడొస్తుంది, బియ్యం ఎక్కడిస్తారు, నష్టం రాయించుకోవడానికి ఏమేం పట్టుకెళ్లాలి. పంచాయతీ గోడకు అంటించిన జాబితా ముందు జనం. చదువొచ్చిన పిల్ల గట్టిగా పేర్లు చదువుతుంటే వెనక నిలబడ్డ ముసలివాళ్లు చెట్ల లెక్క సరిచూసుకున్నారు. "నావి నూటిరవై కదా, తొంభై రాసినారేటి?" అని ఒకాయన అక్కడికక్కడే పట్టుకున్నాడు. రాసి గోడకు పెట్టినదాన్ని అలా వేలు పెట్టి అడగొచ్చు.

24 అక్టోబర్, రాత్రి

దానా తుపాను. పొద్దుట్నుంచి ఫోన్లలో ఒకటే గోల. మా ఉద్దానం ప్రాంతం పటం మీదకి ఎర్ర బాణం దూసుకొచ్చే బొమ్మలు, పక్కన ప్రశ్న గుర్తులు. ఒక్కోటి తెరిస్తే తిత్లీనాటి పాత దృశ్యాలు వేసి, "వివరాల కోసం చివరిదాకా చూడండి" అంటున్నారు. మందస నుంచి మా అప్ప ఏడుస్తూ ఫోను చేసింది, రేకులిల్లు కదా, పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలని.

వాతావరణశాఖ ప్రకటన తెరిచి చదివాను. పూరీకీ సాగర్ ద్వీపానికీ మధ్య, ఒడిశాలో భితర్‌కనిక, ధామ్రాల దగ్గర, 24 అర్ధరాత్రి నుంచి 25 ఉదయం లోపు తీరం దాటుతుంది. గాలి 100–110 కిలోమీటర్లు, విసురు 120 దాకా. ఎక్కడ, ఎప్పుడు, ఎంత. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కల్ని తెలుగులో రాసి షాపు తలుపుకు అంటించాను. అప్పకు ఫోనులో అదే రాసి పంపాను. అలలు ఎక్కువుంటాయి కాబట్టి పడవలు బయటికి తీయొద్దన్నది కూడా చేర్చాను. తలుపు దగ్గర ఆగి చదివినవాళ్లు మరో మాట అడక్కుండా ఇళ్లకు పోయారు.

25 అక్టోబర్

రాసిన చోటే దాటింది.

9 నవంబర్

కాళీపట్నం రామారావు మాస్టారి నూరో పుట్టినరోజు. మురపాకలో 1924లో పుట్టారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తనకొచ్చిన అవార్డుల డబ్బు కూడా అందులోనే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఆయన తాపత్రయం. ఎక్కడెక్కడి పాత పత్రికలో తెప్పించి, ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఏ నెలలో అని జాబితా కట్టించారు. ఇప్పుడు వేల కథల పేజీలు నెట్‌లో చూడొచ్చు. రచయిత పేరు కొడితే కథలొస్తాయి.

పోయినవారం ఒక పరిశోధక విద్యార్థి షాపుకొచ్చాడు. ఉత్తరాంధ్ర రచయితల ఇంటర్వ్యూలు గంటలకొద్దీ ఫోనులో దించుకుని పెట్టుకున్నాడు. ఒక రచయిత భూమి పోరాటాల గురించి ఎక్కడో ఒక మాటన్నారట, దాన్ని తన వ్యాసంలో పెట్టుకోవాలి. ఏ ఇంటర్వ్యూలో, ఎన్నో నిమిషంలో? మళ్లీ అన్నీ వినుకుంటూ పోవాలి. ఆ పెద్దమనుషుల్లో కొందరు ఇప్పుడు లేరు. అంత విలువైన మాటలు రికార్డయి ఉన్నాయి, లోపలికి పోవడానికి మాత్రం దారి లేదు. వీడియో పెట్టినవాళ్లు ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో పది లైన్లు కింద రాసుంటే చాలు. మాస్టారు అన్నేళ్లు కూచుని చేసిన పని అదే కదా, ఏది ఎక్కడుందో రాయడం.

12 నవంబర్

డీఎస్సీ పిల్లలు. టెట్ ఫలితాలు వచ్చాయి. 16,347 టీచరు పోస్టుల నోటిఫికేషన్ ఇంకా రాలేదు. కానీ "వచ్చేసింది" అనే వీడియోలు రోజూ వస్తున్నాయి. టెక్కలిలో గది అద్దెకు తీసుకుని చదువుకునే అమ్మాయి చెప్పింది, పొద్దున లేవగానే గదిలో నలుగురూ తలొకటి తెరిచి చూసుకుంటారట. గంట పోతుంది. గంట పోయాక ఏమీ రాలేదని తెలుస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ డేటాలో చదువుకు దాచుకున్నది అక్కడ ఖర్చవుతుంది. పోయిన జూలైలో రీచార్జి ధరలు పెరిగాయి కూడా.

ఉత్తర్వు కాపీ విడుదలైతే అది కాగితమే. సంఖ్య ఉంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. లేకపోతే రాలేదన్నమాటే. నా దగ్గరికొచ్చే పిల్లలకు ఇదొక్కటే చెబుతున్నాను.

24 నవంబర్

ఇది రాయడానికి చెయ్యి ఆడట్లేదు, అయినా రాయాలి.

కవిటి వైపు నుంచి ఒకాయన వస్తుంటాడు, డయాలసిస్ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద. పలాసలో 2023 డిసెంబర్ 14న కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ మొదలయ్యాక, దూరం పోయే బాధ మా వైపు చాలామందికి తగ్గింది. వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో వస్తున్నాయి. అయినా జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలో ఉందన్నారు. ఏదీ ఖాయం కాలేదు.

కారణం తెలియని చోట వీడియోకు పంట పండుతుంది. "ఇది తాగితే కిడ్నీలు శుభ్రం." కొబ్బరిబొండం బొమ్మ. కొబ్బరితోటల మధ్య బతికేవాళ్లకు అంతకంటే తేలిగ్గా నమ్మబుద్ధయ్యే మాట ఉంటుందా? ఆయన రోజుకొకటి తాగడం మొదలుపెట్టాడు. కాళ్లు లాగేసి, గుండె దడదడలాడి, నడిరాత్రి ఆటోలో తీసుకుపోవాల్సి వచ్చింది. బతికాడు. ఇవాళ ఆయన కూతురొచ్చి చెప్పింది.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. వంద మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఒక బొండానికి ఏడెనిమిది వందలు ఎక్కడికీ పోవు. ఆరోగ్యంగా ఉన్నవాడి కిడ్నీలు ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు పనిచేయనివాడి రక్తంలో అది పేరుకుంటుంది, పేరుకుంటే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు బొండం, అరటిపండు వద్దని చెప్పేది అందుకే. కూరగాయ ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమనేదీ అందుకే.

ఆ కూతురి ఫోనులో ఆ వీడియో మొత్తం కూచుని చూశాను. పన్నెండు నిమిషాలు. చెప్పినాయన అబద్ధం ఆడలేదు. "కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తాగండి" అన్నాడు. ఆ మాట ఆఖరి ముప్ఫై సెకన్లలో ఉంది, ధన్యవాదాలకు ముందు. అక్కడిదాకా ఎవరు ఉంటారు? బొండం తాగమన్న మాట రెండో నిమిషంలోనే విని ఆ కవిటి ఆయన లేచి తోటలోకి పోయుంటాడు.

డయాలసిస్ కేంద్రంలో ఆయనకు ఇచ్చిన కాగితం ఆ కూతురి సంచిలోనే ఉంది. నాలుగు మడతలు, మడత దగ్గర చిరుగు. రెండు వరుసలు, తినదగినవి ఒకవైపు, తినకూడనివి ఒకవైపు. తినకూడని వరుసలో మూడోది కొబ్బరినీళ్లు. కాగితం మీద మంచీ చెడూ ఒకే చూపులో కళ్లబడతాయి, ఒకటి ముందూ ఒకటి ఆఖర్నా రావు.

"అప్పుడెందుకు సూడనేదమ్మా ఇది?" అంటే, "అచ్చరాలు మరీ సిన్నవి అక్కా, నాన్నకి ఆనవు. వీడియో అయితే ఇంటాడు" అంది.

ఆ కాగితాన్ని పెద్ద సైజులో తీశాను. అక్షరాలు వేలి గోరంత వచ్చేదాకా.

రాత్రి ఇంటికొచ్చాక డాక్టర్ టి. రవిరాజు గారి బృందం 2019లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ పత్రికలో రాసిన వ్యాసం మళ్లీ తెరిచాను. ఉద్దానంలో పరీక్షించిన పెద్దల్లో సుమారు 18 శాతానికి కిడ్నీ జబ్బు కనిపించిందని అందులో ఉంది. ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. కానీ ఇంగ్లీషు. మా మీద, మా రక్తం తీసి, మా నీళ్లు పరీక్షించి రాసినది ఇంగ్లీషులో రాతగా ఉంది. మాకు తెలుగులో దొరికేది బొండం వీడియో. నాకు కోపం వచ్చేది ఇక్కడ. చదవగలిగే రాత ఇంగ్లీషువాడికీ, చూసి ఊరుకునేది తెలుగువాడికీ అని ఎవరు పంచారు?

8 డిసెంబర్, సోంపేట

పెళ్లికి వచ్చి బీల అనే నీటి నేల దాకా నడిచాను. నీళ్లలో తామర, ఒడ్డున గేదెలు, అవతల వరి. ఇక్కడ థర్మల్ కేంద్రం వస్తుందంటే ఈ ఊళ్లన్నీ కలిసి పోరాడాయి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజు టీవీలో వచ్చిన దృశ్యాలు చూసి రాష్ట్రమంతా నివ్వెరపోయింది. రాతకు అంత బలం ఎప్పటికీ రాదు, ఒప్పుకోవాల్సిందే.

అయితే అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. దానికి ఆధారం కాగితాలే. ఈ నీటి నేలను పనికిరాని భూమిగా చూపిన నివేదికను మనవాళ్లు పేజీ పేజీ చదివి, ఇక్కడ నీళ్లున్నాయి, చేపలున్నాయి, పంటలున్నాయి అని ఎదురు రాశారు. ఒక నివేదికలో ఫలానా పేజీ తప్పని వేలు పెట్టి చూపించొచ్చు. గంటసేపు నడిచే వీడియోలో దాటవేసిన మాటను పట్టుకోవడం ఎంత కష్టమో ఈ మూడు నెలలుగా చూస్తున్నాను.

15 డిసెంబర్

పక్కింటి అవ్వతో మాట్లాడాను. సంతకం పెట్టడం కూడా రాదు. జీడి బట్టీలో పప్పు వలిచి వలిచి వేళ్లు నల్లబడి ఉన్నాయి. పింఛను గురించి, మనవడి ఫీజు గురించి, మోకాళ్ల గురించి అన్నీ ఫోనులోనే వింటుంది. "మీ పేపరు నాకెందుకమ్మా, ఈ పెట్టె సెప్తాది" అంది.

ఆమెకు నేనేం జవాబు చెప్పగలను? 2011 జనాభా లెక్కల్లో మన శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి అక్షరం మూసిన తలుపే. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక వాళ్లకు మొదటిసారి ఎవరినీ బతిమాలకుండా ఏదో ఒకటి తెలుస్తోంది. అది చిన్న సంగతి కాదు. వీడియో వద్దనేవాళ్లు ఈ అవ్వ ముందు కూచుని మాట్లాడాలి.

కానీ అవ్వకు జరిగే నష్టం నా కంటే ఎక్కువ. నేను విసుగొస్తే రాత వెతుక్కుంటాను. ఆమెకు ఆ దారి లేదు. పన్నెండు నిమిషాల్లో ఆఖరి అర నిమిషం దాకా ఓపిక పట్టక తప్పనిది ఆమె. అందుకే ముందు రాసి, ఆ రాసినదాన్ని సూటిగా చదివి వినిపించే వీడియో రెండు నిమిషాల్లో రావాలి. రైతు సేవా కేంద్రంలోనో, ఆసుపత్రిలోనో అలాంటివి పెట్టడం కష్టమేమీ కాదు. మోతాదు ముందు, హెచ్చరిక దాని పక్కనే, చేసినవాళ్ల పరిచయం చివర.

28 డిసెంబర్

కాగితాలకు కూడా దిక్కు తగ్గింది. 2021లో విపుల, చతుర, తెలుగు వెలుగు, బాలభారతం పత్రికలు ఒకేసారి ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది కరోనాలో నవ్య వారపత్రిక పోయింది. పలాస స్టేషనులో బండి కోసం కూచున్నవాళ్ల చేతుల్లో ఇప్పుడు పుస్తకం కనపడదు. ఒక్కొక్కరి ఫోనులోంచి ఒక్కో గొంతు, అన్నీ కలిసి ఎవరిదీ వినపడదు.

5 జనవరి 2025

షాపు గోడ మీద ఒక వరుస ఖాళీ చేశాను. వారానికొక అరపేజీ. పెద్ద అక్షరాలు, పైన తేదీ, ఎవరు చెప్పిన మాటో కింద. మొదటిది తెల్లదోమ. రెండోది నోటిఫికేషన్ నిజమైనదో కాదో ఎక్కడ చూసుకోవాలన్నది. ఆరోగ్యం సంగతి నేను సొంతంగా రాయను. డయాలసిస్ కేంద్రం కాగితాన్నే పెద్దది చేసి పెట్టాను, డాక్టరు గారిని అడిగే పెట్టాను. కావలసినవాళ్లకు కాపీ ఊరికే ఇస్తున్నాను.

సాయంత్రం హరిపురం నుంచి వచ్చిన రైతు ఒకాయన తెల్లదోమ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"అమ్మా, ట్యాంకుకి ఎనభై అని రాసినావు, బాగానే ఉంది. నా సెట్లు ఎత్తు. సేతి పంపు అందదు. పెద్ద మిషన్ పెట్టి డ్రమ్ములోంచి కొడతాను. రెండొందల లీటర్ల డ్రమ్ము. దానికెంత?"

లెక్క వేశాం. రెండు వందల ఐదులు వెయ్యి.

"మరి సబ్బు ముందు కలపాలా, నూనె ముందా?" అన్నాడు. అదీ కాగితంలో లేదు. సబ్బును కొద్ది నీళ్లలో ముందు కరిగించి, అందులో నూనె పోసి తెల్లగా చిక్కబడేదాకా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయాలి. లేకపోతే నూనె పైకి తేలుతుంది. ఆయనకు చెప్పి, కాగితం తీసి, కింద రెండు వరుసలు రాసి మళ్లీ అంటించాను: "200 లీటర్ల డ్రమ్ముకు ఒక లీటరు వేపనూనె. సబ్బు ముందు."